నీలకంఠం మీదికి రాని అమ్మవారు

విశాఖపట్నం పాత ఊళ్ళో గోనెల వీధి చివర నూకాలమ్మ గుడి ఉండేది. గుడి అంటే పెద్దదేమీ కాదు. మనిషి నిలబడితే తల తగిలే గది, ముందు రెండు మెట్లు, మెట్లకి రెండు పక్కలా దీపపు గూళ్ళు. డెబ్భైల మొదట్లో ఆ వీధిలో మశూచి వచ్చి ఇద్దరు పిల్లలు పోయారు. అప్పటికి నీలకంఠానికి పన్నెండేళ్ళు. వాడూ పోతాడనే అందరూ అనుకున్నారు. తండ్రి అంతకుముందే పోయాడు. పోర్టులో బస్తాలు మోసే కలాసీ, దగ్గి దగ్గి రక్తం పడి పోయాడు. తల్లి జోగమ్మ పూర్ణా మార్కెట్లో ఉల్లిపాయల కొట్టు దగ్గర కుళ్ళినవి ఏరే పనికి వెళ్ళేది. ఆవిడ కొడుకుని వేపాకుల మీద పడుకోబెట్టి, గుడి మెట్ల మీద తల ఆనించి ఒకే మాట అంది.

"ఈడు నీ బిడ్డేనమ్మా. నీకే ఒగ్గేత్తన్నాను. ఉంచుకుంటావో, తీసుకుంటావో, నీ ఇట్టం."

పిల్లాడు బతికాడు. మొహం నిండా గుంటలు మిగిలాయి. తల్లి అన్న మాటని వాడు పూర్తిగా నమ్మాడు. తను అమ్మవారు ఉంచుకున్న బిడ్డ. అప్పటినుంచి రోజూ తెల్లారకముందే వీధి కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకొచ్చి గుడి కడిగేవాడు. గడపకి పసుపు రాసేవాడు. నూనె ఉంటే దీపం పెట్టేవాడు, లేకపోతే ఎవరింట్లోనైనా అడిగి పెట్టేవాడు. ఆ తర్వాత మార్కెట్‌కి పోయి లారీల మీంచి బస్తాలు దింపేవాడు. మంగళవారాలు ఉపవాసం. ఇంట్లో బియ్యం లేని రోజు కూడా ఉపవాసమనే చెప్పేవాడు. కొన్నాళ్ళకి తనది ఆకలో భక్తో వాడికే తెలియకుండా పోయింది.

ఏటా కొత్త అమావాస్యకి అమ్మవారి పండగ. పసుపు పూసి, వేపమండలు కట్టి, పైన దీపం పెట్టిన కుండని ఘటం అంటారు. పండగ రోజుల్లో దాన్ని నెత్తిన పెట్టుకుని ఇంటింటికీ తిరగాలి. గోనెల వీధిలో ఆ ఘటం మోసేవాడు ఎల్లారావు. రిక్షా తొక్కే మనిషి. ఏడాది పొడుగునా "ఒరే ఎల్లారావూ" అని కేకేసేవాళ్ళే పండగ రోజుల్లో అతని కాళ్ళ మీద పసుపునీళ్ళు పోసి "అమ్మా" అనేవాళ్ళు. డప్పులు జోరందుకోగానే అతనికి పూనకం వచ్చేది. అప్పుడు అతను ఎల్లారావు కాదు. షావుకార్లు కూడా చేతులు కట్టుకుని నిలబడేవాళ్ళు.

నీలకంఠం ఆ పాదాల వంకే చూసేవాడు. తన మొహం చూసి ఆడపిల్లలు చూపు తిప్పుకుంటారని వాడికి తెలుసు. మార్కెట్లో వాడికి పేరు లేదు, "ఒరే గుంటల మొహం" అనే పిలిచేవాళ్ళు. ఒక్కసారి అమ్మ తన మీదికి వస్తే చాలు. డప్పులకి అందరికంటే దగ్గరగా నిలబడి కళ్ళు మూసుకునేవాడు. చుట్టూ ఎవరెవరో ఊగిపోయేవాళ్ళు. వాడి ఒళ్ళు మాత్రం కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకునేటప్పటిలాగే చల్లగా ఉండేది.

"అమ్మ తొందరపడదురా" అనేవాడు ఎల్లారావు. "నా తర్వాత ఘటం నీదే. ఇంకెవుడు మోత్తాడు?"

ఆ మాట పట్టుకుని నీలకంఠం ఏళ్ళు గడిపాడు.

ఎనభై రెండులో వాడి మేనత్త కొడుకు సత్యం సబ్బవరం నుంచి వచ్చాడు. వర్షాలు లేక పొలం ఎండింది. స్టీల్ ప్లాంటు పనులు జరుగుతున్నాయి కదా, ఏదో ఒక కాంట్రాక్టరు దగ్గర పని దొరుకుతుందని వచ్చాడు. దొరికేదాకా మేనమామ ఇంట్లోనే మకాం. ఉన్నది ఒక్క గది. నీలకంఠం తన చాప సగం వాడికిచ్చాడు.

సత్యానికి భక్తి అంటూ ప్రత్యేకంగా ఏమీ లేదు. మంగళవారం చేపలు తినేవాడు. చుట్ట కాల్చేవాడు. ఊళ్ళో గుండెలకి తప్పెటలు కట్టుకుని చిందేసే తప్పెటగుళ్ళ జట్టులో ఆడిన మనిషి కావడంతో ఏ పని చేస్తున్నా గుండెల మీద వేళ్ళతో తాళం వేసుకుంటూ పాడేవాడు. వాడొచ్చిన వారానికే వీధిలో పిల్లలందరూ వాడి వెనకే. మార్కెట్లో నీలకంఠంతో పాటు బస్తాలు దింపడానికి వస్తే, కలాసీలు వాడి పేరు మొదటి రోజే నేర్చుకున్నారు.

జోగమ్మకి మేనల్లుడంటే ప్రాణం లేచొచ్చింది. పోయిన భర్త పోలికలు వాడిలో ఉన్నాయట. రాత్రి కుండ వంచేటప్పుడు నీలకంఠం కంచంలో గంజి ఎక్కువ పడేది, సత్యం కంచంలో మెతుకులు ఎక్కువ పడేవి.

"తిను అల్లుడా. మా ఓడికి ఉపాసాలు అలవాటే" అనేదావిడ, నవ్వుతూ.

నీలకంఠం మెతుకుల మీద పట్టింపు లేదని తనకి తాను చెప్పుకున్నాడు. కానీ ప్రతి పూటా సత్యం కంచంలోకి చూడకుండా ఉండలేకపోయాడు. పక్కన పడుకున్న వాడి గురక వింటూ, ఇంత సులువుగా ఎలా నిద్రపోతాడు వీడు అని చూరు వంక చూస్తూ ఉండేవాడు. సత్యం ఒకసారి గుడి దగ్గరకొచ్చి మెట్ల మీద కూర్చుని ఊరికే ఏదో పదం అందుకున్నాడు. వీధి వీధంతా వచ్చి చేరింది. ఎల్లారావు కళ్ళు తుడుచుకున్నాడు. ఆ మెట్లని అంతకు కాస్సేపటి ముందే నీలకంఠం కడిగి వెళ్ళాడు. అవి ఇంకా తడిగానే ఉన్నాయి.

పండగ వచ్చింది. ఆ ఏడు ఎల్లారావు మోకాళ్ళు వాచి నడవలేకపోతున్నాడు. గుడి పెద్ద శ్రీరామ్మూర్తి, పోర్టులో గుమాస్తాగా చేసి రిటైరైన ఆయన, "ఈసారి ఎవరికిద్దాం ఘటం?" అని అడిగితే, ఇంకెవరున్నారు, నీలకంఠమే అన్నారు వీధివాళ్ళు. నీలకంఠం పండగకి ముందునుంచే నియమం పట్టాడు. పగలంతా మంచినీళ్ళు, రాత్రి బెల్లం ముక్క. బస్తాల కింద కాళ్ళు వణుకుతున్నా ఆపలేదు. గుడి గచ్చు మీదే పడుకున్నాడు. మొదటి రోజు మధ్యాహ్నం పసుపు బట్ట కట్టుకుని మెట్ల కింద నిలబడ్డాడు. డప్పులు మొదలయ్యాయి. అమ్మ మీదికి వచ్చాక ఘటం నెత్తికెత్తాలి, అదీ పద్ధతి.

డప్పులు చాలాసేపు మోగాయి. నీలకంఠం కళ్ళు మూసుకునే ఉన్నాడు. చెమట పట్టింది, తల తిరిగింది, అది ఆకలి తిప్పు అని వాడికి తెలుస్తూనే ఉంది. జనం గుసగుసలు మొదలెట్టారు. అంతలో వెనకాల ఎక్కడో ఒక అరుపు వినిపించింది. కళ్ళు తెరిచి చూశాడు.

సత్యం. చేతిలో అరటిపళ్ళ అత్తంతో గోడకి ఆనుకుని నిలబడ్డ మనిషి, పళ్ళు నేల మీద పడేసి, నడుము నుంచి పైదాకా గాలివానలో కొబ్బరిచెట్టులా ఊగుతున్నాడు. కళ్ళు పైకి తేలిపోయాయి. ఆడవాళ్ళు పరిగెత్తి వెళ్ళి వేపమండలు చేతికిచ్చారు. శ్రీరామ్మూర్తి హారతి వెలిగించి ఎదురుగా నిలబడ్డాడు.

"ఎవరివి తల్లీ?"

"నాను మీ నూకాలిని." గొంతు సత్యానిదే, కానీ పాటలు పాడే గొంతు కాదు. "నా గడప తుడిసే బిడ్డ కడుపు కాలతన్నాది. ఆడికి బువ్వెట్టండి. ఆడు తిన్నాకే నాను కదుల్తాను."

వీధంతా నీలకంఠం వైపు తిరిగింది. ఎవరో ఆడవాళ్ళు ఏడుస్తున్నారు. చిట్టమ్మ అనే ఆవిడ, పక్కనున్న కొత్త వీధి మనిషి, మొక్కు చెల్లించడానికి తెచ్చుకున్న పెరుగన్నం గిన్నె పట్టుకుని ముందుకొచ్చింది. నీలకంఠాన్ని మెట్టు మీద కూర్చోబెట్టారు. "తినరా బాబూ, అమ్మ సెప్పింది" అని అందరూ అన్నారు. వాడు పసుపు బట్టతో అంతమంది ముందు కూర్చుని ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నియమం పోయింది. ఎదురుగా సత్యం వేపమండలు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

నీలకంఠం బుర్రలో ఒకటే మాట తిరుగుతోంది. అమ్మా, ఇన్నేళ్ళుగా నీ గుమ్మంలోనే ఉన్నాను. నాతో చెప్పాల్సిన మాట నాతో చెప్పకుండా, వీడి నోటితో చెప్పించావు. నా ఆకలి నీకు తెలుసు. తెలిసీ నా దగ్గరికి రాలేదు.

ఘటం సత్యం నెత్తికెక్కింది. నీలకంఠం కడిగిన మెట్ల మీదే ఆడవాళ్ళు సత్యం కాళ్ళ మీద పసుపునీళ్ళు పోశారు. జోగమ్మ కూడా పోసింది.

ఆ సాయంత్రం పూనకం దిగాక సత్యం చాప మీద కూలబడి, "నాకేటైంది బావా?" అని అడిగాడు. "ఒళ్ళు నొప్పులు. ఏటేటో అన్నానంట."

"నీకు గుర్తు నేదా?"

"నేదు. అరిటిపళ్ళు ఎక్కడెట్టేనో అదీ గుర్తు నేదు."

నీలకంఠం గోడవైపు తిరిగి పడుకున్నాడు. గుర్తు కూడా లేదు వీడికి. దక్కినది దాచుకోవడం కూడా తెలియనివాడికి ఇచ్చావమ్మా.

గోనెల వీధికీ కొత్త వీధికీ మధ్య చాలాకాలంగా పడదు. రెండు వీధుల్లోనూ కుర్రాళ్ళకి పని లేదు. పోర్టులో యంత్రాలొచ్చాక కలాసీల అవసరం తగ్గింది, తండ్రులకి దొరికిన కూలి కొడుకులకి దొరకలేదు. ఏడాదంతా కిళ్ళీ బడ్డీల దగ్గర నిలబడి, పోలీసులు తరిమితే పక్కకి జరిగి, మళ్ళీ వచ్చి నిలబడేవాళ్ళు. వాళ్ళ మాట చెల్లేది పండగప్పుడే. చందా పట్టేది వాళ్ళు, మైకు సెట్టు తెచ్చేది వాళ్ళు, ఘటం ఏ వీధిలోంచి పోవాలో తేల్చేదీ వాళ్ళే. ఆ తేల్చడం కర్రలతోనూ సైకిలు చైన్లతోనూ జరిగేది. అమ్మవారి పేరు చెప్పి కొట్టుకుంటే తప్పు లేదనుకునేవాళ్ళు. కొత్త వీధిలో కుర్రాళ్ళకి నాయకుడు తాతబాబు, పెరుగన్నం తెచ్చిన చిట్టమ్మ కొడుకు. నీలకంఠం ఈడువాడే.

పండగ నడుస్తుండగా ఒక పొద్దుట నీలకంఠం ఆ తాతబాబు నిలబడే కిళ్ళీ బడ్డీ దగ్గరికి వెళ్ళాడు. జీవితంలో ఎప్పుడూ ఆ వీధిలోకి అలా వెళ్ళలేదు.

"ఏటిరా ఇలాగొచ్చేవు?" అన్నాడు తాతబాబు.

"మా బావది దొంగ పూనకం" అన్నాడు నీలకంఠం. "చేపలు తిని ఘటమెత్తుతన్నాడు."

తాతబాబు కిళ్ళీ ఉమ్మేశాడు. "మరి నువ్వెందుకు సెప్తన్నావు? నీకేటి?"

"అమ్మకి అపచారం కదా."

"సరే" అన్నాడు తాతబాబు. "అనుపు రోజు మా వీధిలోంచే కదా సముద్రానికి పోవాలి. అప్పుడు సూద్దాం. అరిసేతిలో కర్పూరం ఎలిగిద్దాం. దొంగోడయితే కుండొగ్గేసి పరిగెడతాడు."

అనుపు అంటే పండగ చివర అమ్మవారిని సాగనంపడం. ఆ రోజు మధ్యాహ్నం ఎండ మండుతోంది. సత్యం ఘటమెత్తుకుని ముందు, వెనక డప్పులు, ఇరువైపులా కర్రలు పట్టుకుని గోనెల వీధి కుర్రాళ్ళు. గొడవ జరుగుతుందని అందరికీ తెలుసు. నీలకంఠం చేతిలోనూ కర్ర ఉంది. కొత్త వీధి మలుపులో తాతబాబు పదిమందితో అడ్డం నిలబడ్డాడు.

"అమ్మైతే కర్పూరం పట్టు" అన్నాడు. "లేపోతే ఘటం దింపు."

డప్పులు ఆగిపోయాయి. సత్యం ఘటాన్ని ఒక చేత్తో పట్టుకుని మామూలుగా మాట్లాడాడు.

"అన్నా, ఇప్పుడు నా మీద అమ్మ నేదు. ఒట్టి మనిసిని. నన్ను కాల్సీకండి. దారియ్యండి, ఎల్లిపోతాం."

కొత్త వీధివాళ్ళు పగలబడి నవ్వారు. నీలకంఠం గుండెల్లో ఏదో తేలికైంది. విన్నావా అమ్మా, అందరూ వినండి, వాడే ఒప్పుకున్నాడు. ఆ క్షణంలో వాడు సత్యాన్ని దాదాపు ప్రేమించాడు. ఇంటికెళ్ళి చాప పూర్తిగా ఇచ్చేద్దామనిపించింది.

శ్రీరామ్మూర్తికి రోషం వచ్చింది. డప్పులవాళ్ళ వైపు తిరిగి, "వాయించండి" అన్నాడు.

డప్పు అందుకున్న కాసేపటికి సత్యం మోకాళ్ళు కదిలాయి. తల ఒక పక్కకి వాలింది. నెత్తి మీద ఘటం మాత్రం కదల్లేదు. ఎవరూ అడక్కుండానే కుడిచెయ్యి చాపాడు. తాతబాబు అరచేతిలో కర్పూరం పెట్టి వెలిగించాడు. మంట లేచింది. సత్యం దాని వంక చూడను కూడా లేదు. కర్పూరం పూర్తిగా కాలి ఆరిపోయేదాకా చెయ్యి అలాగే ఉంది. తాతబాబు వెనక్కి తగ్గి చేతులు జోడించాడు. వాడి వెనకున్న పదిమందీ, ఇటువైపువాళ్ళూ కూడా, తలలు నేలకి ఆనించి దణ్ణం పెట్టారు.

గొడవ అక్కడితో అయిపోవాల్సింది.

నీలకంఠం అదంతా మూడు బారల దూరంలోంచి చూశాడు. దొంగ పూనకం కాదు. ఎప్పుడూ కాదు. తను అన్నది అబద్ధమని తనకి ముందే తెలుసనీ, తెలిసే అన్నాననీ అప్పుడు అర్థమైంది. అమ్మ నిజంగా అక్కడే ఉంది. తన బావ ఒంట్లో ఉంది. కడుపులోంచి మంటలాంటిది గొంతుదాకా లేచింది. ముందుకెలా వచ్చాడో, కర్ర ఎప్పుడెత్తాడో తెలియలేదు. ఘటం పట్టుకున్న సత్యం ఎడమ మోచేతి మీద పడింది.

ఘటం కింద పడి పగిలింది. దీపం ఆరిపోయింది. తర్వాత ఎవరు ఎవర్ని కొట్టారో చెప్పలేం. గోనెల వీధివాళ్ళు కొత్త వీధివాళ్ళ మీద పడ్డారు. కిటికీలు పగిలాయి. పోలీసు వ్యాను వచ్చేసరికి రోడ్డంతా చెప్పులూ వేపమండలూ రక్తమూ. కొట్టింది తాతబాబే అని గోనెల వీధి మొత్తం చెప్పింది. చూసినవాళ్ళు లేరు, అనుకున్నవాళ్ళే అందరూ. తాతబాబుని తీసుకుపోయారు.

పెద్దాసుపత్రిలో సత్యం ఎడమచేతికి పిండికట్టు వేశారు. కీలు నుగ్గయింది, చెయ్యి పూర్తిగా చాపడం ఇక కష్టమని డాక్టరు చెప్పాడు. జోగమ్మ మంచం పక్క కూర్చుని అన్నం కలిపి పెడుతోంది. ఆవిడ నీళ్ళకి వెళ్ళినప్పుడు నీలకంఠం మంచం దగ్గరికొచ్చాడు.

"పోలీసులొచ్చి అడిగేరు బావా" అన్నాడు సత్యం. "ఎవుడు కొట్టేడని. నాకు సోయ నేదు, ఏటి సెప్పను? తాతబాబేనంట కదా?"

"కాదు."

"మరెవుడు?"

"నానే."

సత్యం మంచం మీంచి లేవబోయి మళ్ళీ వెనక్కి వాలాడు. వరండాలో ఎవరో పేషెంటు మూలుగుతున్నాడు.

"ఎందుకు?"

"అమ్మ నీ మీదికొచ్చింది."

"రమ్మని నానడిగేనేటి?" సత్యం గొంతు పెద్దగా లేదు. "నువ్వొచ్చి నాకు సెప్పుంటే, బావా, ఇది నాకొద్దు నువ్వు తీసుకో అనుందును. అలాగ ఇచ్చేది కాదు కదేటి అది? ఈ నెల్లో స్టీల్ ప్లాంటు కాడ కాంట్రాక్టరు రమ్మన్నాడు. ఈ సేత్తో నాను ఇనప చువ్వలు మొయ్యాలి. ఎలాగ మొయ్యను?"

నీలకంఠం ఆ పిండికట్టు వంక చూశాడు.

"అత్త అన్నం తిన్నాను. ఆవిడ మొకం సూసి నాను పోలీసులకి సెప్పను. నువ్వు మాత్రం ఎల్లిపో. నా కళ్ళముందు నిలబడొద్దు."

నీలకంఠం వెళ్ళిపోయాడు. క్షమించి ఉంటే బాగుండేదని కాదు, కోప్పడ్డందుకే కాస్త ఊపిరాడింది. కానీ చిట్టమ్మ మర్నాడు పూర్ణా మార్కెట్‌కి వచ్చి జోగమ్మ ముందు ఉల్లిపాయల గుట్ట పక్కన చతికిలబడింది. "నా కొడుకు దణ్ణమెట్టేడు, సేతులు జోడించేడు, అందరూ సూసేరు. కర్ర ఆడి సేతిలో నేదు. స్టేసన్లో కొడతన్నారమ్మా ఆణ్ణి" అని ఏడ్చింది. బస్తా దింపుతున్న నీలకంఠం విన్నాడు. ఆ చేతి పెరుగన్నమే తన నోట్లోకి వెళ్ళింది. బస్తా పక్కన పెట్టి, తలపాగా విప్పి భుజాన వేసుకుని, తిన్నగా స్టేషన్‌కి నడిచాడు.

తాతబాబుని వదిలేశారు. నీలకంఠానికి జైలు పడింది. కొన్ని నెలలే. జోగమ్మ ఒకసారి చూడటానికొచ్చింది. ఊచలు పట్టుకుని నిలబడింది.

"ఆడికి నాలుగు మెతుకులు ఎక్కువేసేననేట్రా?" అంది.

"కాదమ్మా."

"మరేటి? సెప్పు. నా కడుపున పుట్టినోడివి, నాకు తెలీకపోతే ఎలాగ?"

చెప్పడానికి ప్రయత్నించాడు. ఆ ముక్క అమ్మకి చెప్పే ముక్క కాదు. వేరే అమ్మ గురించి. "ఎండలో వచ్చేవు, ఇంటికెల్లు" అన్నాడు.

బయటికొచ్చేసరికి సత్యం సబ్బవరం వెళ్ళిపోయాడు. చెయ్యి వంకరగానే అతుక్కుంది. కాంట్రాక్టరు చూసి పనికిరాదన్నాడట. రోడ్డు పక్క టీ దుకాణం పెట్టుకున్నాడు. గోనెల వీధిలో పగిలిన ఘటం అపశకునమని ఎవరూ మళ్ళీ ఘటమెత్తడానికి ముందుకు రాలేదు. కొత్త ఘటాన్ని పూలు కట్టిన రిక్షాలో పెట్టి తిప్పేవారు, పోలీసులు పక్కన నడిచేవారు. నీలకంఠాన్ని గుళ్ళోకి రానివ్వకూడదని కొందరన్నారు. శ్రీరామ్మూర్తి మాత్రం, "తుడిచేవాడు ఇంకెవరున్నారు? మీలో ఎవరైనా లేస్తారా తెల్లారి?" అన్నాడు. ఎవరూ లేవలేదు. వాడు మళ్ళీ కడగడం మొదలెట్టాడు.

పెళ్ళి కూడా అయింది. అనకాపల్లి వైపు పిల్ల, వెంకటరమణమ్మ. తల్లిదండ్రులు లేక అన్నగారింట పెరిగిన మనిషి, మొహం మీద గుంటల్ని పట్టించుకోలేదు. జైలు సంగతి పెళ్ళికి ముందే తెలుసు. అమ్మవారి సంగతి మాత్రం కాపురానికొచ్చాక తెలిసింది. పండగొచ్చినప్పుడల్లా మొగుడు డప్పుల దగ్గర నిలబడి, తర్వాత మాటా పలుకూ లేకుండా ఇంటికి రావడం చూసి ఒక ఏడు అనేసింది.

"అందరిళ్ళలోనూ పెళ్ళాల మీద అనుమానం ఉంటాది. నీకు దేవత మీద. ఎవుడింటికెల్లిందా అని కాపలా కాసుకుంటే నీకేటి మిగుల్తాది?"

నీలకంఠం నవ్వాడు. నవ్వు వచ్చినా ఆ మాట ములుకులా లోపలే ఉండిపోయింది. ఎందుకంటే అది నిజం. సబ్బవరం నుంచి ఎవరు మార్కెట్‌కి కూరగాయలు తెచ్చినా, బండి దగ్గరికెళ్ళి, అటూ ఇటూ మాట్లాడి, చివర్న అడిగేవాడు. "మా బావ మీదికి ఇంకా అమ్మొస్తన్నాదా?" ఎవరికీ సరిగ్గా తెలిసేది కాదు. ఒకడు వస్తుందనేవాడు, ఇంకొకడు టీకొట్టువాడికి పూనకమేంటని నవ్వేవాడు. వస్తుందన్న రోజు వాడికి అన్నం సయించేది కాదు.

ఎనభై ఆరులో జోగమ్మ పోయింది. దినం నాడు సత్యం వచ్చాడు. కాస్త లావయ్యాడు. ఎడమచెయ్యి మోచేతి దగ్గర వంగి, ఎప్పుడూ ఏదో పట్టుకున్నట్టే ఉంటోంది. ఆవిడ ఫోటో ముందు కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. భోజనాలయ్యాక వాడూ నీలకంఠమూ అరుగు మీద కూర్చున్నారు. అంతకాలం తర్వాత మాట్లాడుకోవడం అదే. టీ దుకాణం గురించీ, సబ్బవరంలో పెరుగుతున్న స్థలాల ధరల గురించీ సత్యమే ఏదో చెబుతూ ఉన్నాడు. నీలకంఠం అవేవీ వినలేదు.

"బావా, నీ మీదికి మళ్ళీ వచ్చిందేటి?"

ఎవరు అని సత్యం అడగలేదు. "నేదు" అన్నాడు. "ఆ రోజే ఆఖరు. మా ఊరి పండగలో తప్పెట కొడదామనుకున్నాను, ఈ సేత్తో తాళం పడదు. డప్పుల కాడికే ఎల్లటం మానీసేను."

నీలకంఠానికి సంతోషం వేసింది. నిజమైన సంతోషం, పొద్దుటినుంచి ఏడ్చి ఏడ్చి ఎండిపోయిన మనిషికి నీళ్ళు దొరికినట్టు. అది తెలిసొచ్చిన మరుక్షణం ఒళ్ళంతా రోత పుట్టింది. తల్లి దినం నాడు, తను విరిచిన చెయ్యి పక్కన కూర్చుని, దేనికి సంతోషపడుతున్నాడు తను? తల దించుకుని అరుగు పెచ్చులు గోటితో గీకుతూ కూర్చున్నాడు.

"నీకో?" అన్నాడు సత్యం.

"నాకెప్పుడూ నేదు."

"మరైతే ఇద్దరం ఒకటే" అని సత్యం చుట్ట వెలిగించాడు.

ఒకటి ఎలా అవుతాం, నీకు వచ్చి పోయింది, అనుకున్నాడు నీలకంఠం. బస్సెక్కించడానికి కాంప్లెక్సు దాకా వెళ్ళాడు. సత్యం వద్దనలేదు. సంచీ నీలకంఠం మోశాడు. బస్సు కదిలేటప్పుడు సత్యం కిటికీలోంచి, "సబ్బవరం రా ఒకసారి. పిల్లల్ని సూద్దువుగాని" అన్నాడు. ఆ తర్వాత ఏడాదికొకసారి వెళ్ళేవాడు. టీ తాగేవాడు, పిల్లలకి బత్తాయిలు పట్టుకెళ్ళేవాడు. అమ్మవారి మాట మాత్రం ఇద్దరూ ఎత్తలేదు.

ఎనభైల చివర్లో వీధివాళ్ళు మళ్ళీ ఘటం నెత్తికెత్తించాలనుకున్నారు. అప్పటికి కుర్రాళ్ళలో కొందరు స్టీల్ ప్లాంటు షిఫ్టుల్లో పడ్డారు, పని దొరకనివాళ్ళు బడ్డీల దగ్గరే ఉన్నారు, కర్రలూ ఉన్నాయి. పండగకి ముందు నీలకంఠం కొత్త వీధికి వెళ్ళి తాతబాబుతో మాట్లాడి వచ్చాడు. ఇద్దరూ స్నేహితులు కాలేదు. కానీ తాతబాబు, "మా ఓళ్ళని నాను సూసుకుంటాను, మీ ఓళ్ళని నువ్వు సూసుకో" అన్నాడు.

ఆ మధ్యాహ్నం డప్పులు మొదలయ్యాక అందరూ కుర్రాళ్ళ వంక చూస్తున్నారు. పూనకం వచ్చింది అప్పాయమ్మకి. ఇళ్ళల్లో అంట్లు తోముకునే మనిషి, బక్కపలచగా, ఎండిన రొట్టెలా ఉంటుంది. కొంగు జారిపోయింది, జుట్టు విడిపోయింది, వెనక్కి విరుచుకుపడబోయింది. పూనకం వచ్చినవాళ్ళని వెనకనుంచి ఎవరో ఒకరు పట్టుకోవాలి. పట్టుకోవాలంటే బలం కావాలి, భయం ఉండకూడదు. అందరూ ఒక అడుగు వెనక్కేశారు. నీలకంఠం వెళ్ళి ఆవిడ నడుముకి కండువా చుట్టి రెండు చేతులా పట్టుకున్నాడు.

అంత చిన్న ఒంట్లో అంత బలం ఉంటుందని వాడు ఊహించలేదు. బియ్యం బస్తా మీదికి దొర్లినప్పటిలా ఈడ్చుకుపోతోంది. చీరలోంచి వేడి వాడి చేతులకి తగులుతోంది. ఇంత దగ్గరగా వాడు ఎప్పుడూ నిలబడలేదు. లోపల ఆ పాత మంట లేచింది, ఏమీ తగ్గకుండా. ఈ అంట్లు తోముకునే మనిషికా, ఈవిడకి కూడానా, నాకు ఇంకా కాదా.

శ్రీరామ్మూర్తి, అప్పటికి బాగా ముసలాయన, హారతి పళ్ళెంతో ఎదురుగా వచ్చి ప్రశ్నలు మొదలెట్టాడు. అప్పాయమ్మ జవాబు చెబుతోంది. వర్షాలు పడతాయట. ఎవరింట్లోనో బిడ్డ పుడుతుందట. నీలకంఠం గురించి ఒక్క మాట లేదు. వాడు విన్నాడు, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, పట్టు మాత్రం సడలించలేదు. ఘటం ఆవిడ నెత్తికెత్తారు. ఊగింది. వాడు కాళ్ళు ఎడంగా పెట్టి, ఆవిడ బరువంతా తన మీదికి తీసుకుని, "నడు తల్లీ, నానున్నాను" అన్నాడు.